గేటుకు ఇవతల తిన్న అన్నం

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజుల్లో మిర్యాలగూడ నుంచి మా మిల్లు ఉప్పుడు బియ్యం లారీతో బంగ్లాదేశ్ సరిహద్దుకు వెళ్లాను. మన వైపు గేటు దగ్గరే రోజుల తరబడి ఆపేశారు. వానకు టార్పాలిన్ కారి బస్తాలు తడుస్తున్నాయి.

“తెలంగాణ రాష్ట్రం వచ్చేలోపు గేటు తీస్తరా అన్నా?” అన్నాను సూర్యాపేట డ్రైవర్ సైదులుతో.

“గాళ్లు తీసేటాళ్లకు బస్తాలల్ల అన్నమే ఉంటది, సూడు.”

సరుకు కొన్న అవతలి దేశపు పెద్దాయన అనుమతి తీసుకుని గేటు దాటి మా దగ్గరికే వచ్చాడు. తిడతాడనుకున్నాం. ఆయన టిఫిన్ డబ్బా విప్పి, “మా గుమ్మం దాకా వచ్చి ఆకలితో ఉన్నారు, మన్నించండి” అన్నాడు హిందీలో. డబ్బాలో చేపల పులుసు, మేం కిందటి లోడులో పంపిన బియ్యంతో వండిన అన్నం. అమ్మడమే గానీ ఆ బియ్యం మా ఇంట్లో ఎన్నడూ వండలేదు.

“ఆపింది మావాళ్లే చాచా” అన్నాను తలెత్తకుండా.

ఆయన నా పళ్లెంలో ఇంకో చేపముక్క వేశాడు. ఆ అన్నంలో కలుపుకుని మెతుకు మిగల్చకుండా తిన్నాను.