వెనక సీట్లో నాయన

రెండేళ్ల కిందటి చలికాలం. మార్కాపురంలో నేను నడిపే డ్రైవింగ్ స్కూలుకు తర్లుపాడు వైపు పల్లె నుంచి కల్పన అనే అమ్మాయి వచ్చేది. రాత్రి డ్యూటీ నర్సులను ఇళ్లకు చేర్చడానికి ఒక ఆసుపత్రివాళ్లు ఆడ డ్రైవరును వెతుకుతున్నారు. నెలాఖరులోగా లైసెన్సు తెస్తే ఆ ఉద్యోగం కల్పనది, లేకపోతే ఇంకొకరిది.

కూతురిని ఒంటరిగా పంపలేక వాళ్ల నాయన వెంకటరెడ్డి కూడా వచ్చి వెనక సీట్లో కూర్చునేవాడు. మంచి మనిషి. ఆ మంచితనంతోనే నా ప్రాణం తోడేసేవాడు.

"బ్రేకు తొక్కమ్మా, బ్రేకు! బర్రె వస్తాంది!"

బర్రె ఎక్కడో చేలో ఉండేది. కల్పన అదిరిపడి క్లచ్ వదిలేసేది, బండి ఆగిపోయేది. "పోనీలేమ్మా, ఆడపిల్లవు, నీకెట్ల వస్తాదిలే" అని ఆయన ప్రేమగా ఓదార్చేవాడు. నాకు ఒళ్లు మండేది. తిట్టినా బాగుండు, ఎదురు చెప్పొచ్చు.

స్కూలు కారులో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. డ్యూయల్ కంట్రోల్ అంటాం. ఒకరోజు బాగా తోలావని మెచ్చుకుంటే కల్పన నవ్వేసింది.

"నేనేం తోలినానక్కా? కింద మీ కాళ్లే కదా తోలేది."

టెస్టుకు ముందురోజు తెల్లవారగానే కంభం రోడ్డు పట్టాం. ఎటు చూసినా మంచు. చెట్లు ఒక్కొక్కటే తేలివచ్చి వెనక్కి పోతున్నాయి. రోడ్డు ఖాళీగా ఉంది. హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి ఉంచి, కాళ్లు రెండూ సీటు మీద మడిచి పెట్టుకున్నాను.

"అక్కా, కాళ్లు!"

"చలిగా ఉంది తల్లీ. నువ్వు పోనీ."

మంచులోంచి లారీ ఒకటి లైట్లేసుకుని వచ్చింది. కల్పన గేరు తగ్గించి, పక్కకు జరిగి, దారి ఇచ్చి, మళ్లీ సాగింది. వెనక నుంచి కేక వస్తుందని నేను బిగుసుకుని ఉన్నాను. రాలేదు. తిరిగి చూస్తే, రాత్రంతా మిరపతోటకు నీళ్లు కట్టిన వెంకటరెడ్డి నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

కల్పన అద్దంలో చూసింది.

"నాయన పండుకున్నాడా? నేను తోలుతాంటేనా?"

ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత ముగ్గురం ఏ కలలోనో పోతున్నట్టే ఉంది. కంభం రాకుండా ఉంటే బాగుండు అనిపించింది.

వచ్చింది. బండి ఆగగానే ఆయన కళ్లు నులుముకున్నాడు.

"అప్పుడే వచ్చినామా? ఎవరు తోలినారు?"

"నేనే నాయనా."

ఆయన కూతురి వైపు చూసి, మళ్లీ సీటుకు ఆనుకున్నాడు.

"అయితే ఇంకాసేపు పోనీమ్మా. నిద్ర చాల్లేదు."

మర్నాడు కల్పన టెస్టు పాసైంది, ఉద్యోగంలో చేరింది. అప్పటినుంచి అమ్మాయిలకు స్టీరింగు నేర్పుతూనే, వాళ్ల వెంట వచ్చే నాయనలకు, అన్నలకు వెనక సీట్లో నిద్రపోవడం నేర్పుతున్నాను.