ఆయనొక్కరికే వచ్చే మెయిళ్లు

మా ఆయన పోయి యాభై రెండు రోజులైంది. పొద్దున్నే గుమ్మం దగ్గర బూట్లు వేసుకోవడానికి వంగిన మనిషి మళ్లీ లేవలేదు. నలభై ఎనిమిదేళ్లు. ఆ రోజు నుంచీ నాకు ఏదీ నిజమనిపించడం లేదు. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే ఇంకోటి తగిలింది. అది ఎవరితోనైనా చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

ఆయన పెద్దాసుపత్రిలో పనిచేసేవారు. డాక్టరు కాదు. రోగులకు తీసే స్కానులన్నీ దాచే యంత్రాలుంటాయి, వాటిని చూసుకునే పని. ఆ బొమ్మ చూసుకునే ఎక్కడ కొయ్యాలో డాక్టరు తేల్చుకుంటాడట. బొమ్మ లేకపోతే చీకట్లో తడుముకోవడమే అనేవారు.

ఒకసారి కళ్లజోడు మర్చిపోతే ఇవ్వడానికి వెళ్లి ఆ గది చూశాను. ఒకటే చలి. పక్కనున్న మనిషి మాట వినపడనంత హోరు. బీరువా అంత పెట్టె, దానికి వరసగా ఇటుకల్లా పేర్చిన డిస్కులు, ఒక్కోదానికి ఒక పచ్చలైటు. ఆ హోరులో కూడా ఆయన చెవి ఆనించి "దీని గొంతు మారింది, వారంలో పోతుంది" అనేవారట. నిజంగానే పోయేదట. అందుకే అక్కడ అందరికీ ఆయన చెవుల మాస్టారు. ఇంట్లో మాత్రం మూడుసార్లు పిలిస్తే గానీ పలికేవారు కాదు. "ఆ చెవులు ఆఫీసులోనే తగిలించి వస్తారా?" అంటే నవ్వేవారు.

ఏదైనా ఒక్కటే ఉందంటే ఆయనకు నిద్రపట్టేది కాదు. ఇంటికి మూడు జతల తాళంచెవులు. నా మందులచీటీకి రెండు నకళ్లు. ఆ డిస్కులూ అంతేనట. పన్నెండింట్లో రెండు చచ్చిపోయినా, మిగతా పదీ కలిసి వాటిలో ఉన్నదంతా అప్పజెప్పగలవు. మూడోది పోతే మాత్రం మొత్తం గల్లంతు.

"అంతదాకా ఎందుకొస్తుంది? ఒకటి పోగానే నాకు మెయిలొస్తుంది, మార్చేస్తాను" అనేవారు.

ఆయన ఫోను నేను రోజూ ఛార్జింగు పెడుతూనే ఉన్నాను. పొద్దున్న తొమ్మిదికోసారి, సాయంత్రం ఆరుకోసారి టింగుమనేది. ఆ ఇంగ్లీషు నాకు అర్థమయ్యేది కాదు. ఆఫీసులో ఎవరో ఇంకా ఆయన్ని తలుచుకుంటున్నారు కాబోలు అనుకునేదాన్ని. ఆ చప్పుడు కోసం కాచుకుని కూర్చునేదాన్ని కూడా.

మొన్న మంగళవారం పొద్దున మా ఆడపడుచు వచ్చింది. స్కూల్లో పంతులమ్మ. నోరు కాస్త పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"ఈ ఫోను ఇంకా ఎందుకొదినా? చూసినప్పుడల్లా ఏడవడానికా?"

"ఉండనీమ్మా. ఆఫీసు నుంచి మెసేజీలొస్తున్నాయి."

"పోయిన మనిషికి ఎవరు పంపుతారు? ఏదీ, ఇలా ఇయ్యి."

చదువుతూ చదువుతూ అలాగే నిలబడిపోయింది.

"ఇవి మనుషులు రాసినవి కాదొదినా. మిషను పంపుతోంది. నూట నాలుగున్నాయి."

"ఏమంటోంది?"

"మొదట్లో అంతా బాగుందంటోంది. నెల కిందట ఒక డిస్కు పోయిందంటోంది. పద్నాలుగు రోజుల కిందట రెండోది. ఇవాళ పొద్దున, మూడోది పోయేలా ఉంది, వెంటనే చూడమంటోంది."

అన్నాళ్లూ నేను మురిసిపోతూ విన్నది ఆ కేకలా!

ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి ఫిర్యాదు రాసి పంపమంది. ఇద్దరం పరుగున వెళ్లాం. గేటు దగ్గర కాపలాదారు ఆపాడు.

"చూడ్డానికి నాలుగింటికి రావాలమ్మా. పేషెంటెవరు?"

"పేషెంటు కాదయ్యా, పెట్టె! పెట్టెకి బాగాలేదు!" అంది మా ఆడపడుచు.

అతను ఎగాదిగా చూసి, "మనసు డాక్టరు వెనక బిల్డింగులో ఉంటారమ్మా" అన్నాడు, పాపం మర్యాదగానే. నేను ముందుకొచ్చి, చెవుల మాస్టారి భార్యనని చెప్పాను. లేచి నిలబడి గేటు తీశాడు.

లోపల ఆయన దగ్గర పని నేర్చుకున్న ఇంజినీరున్నాడు. "రండక్కా, కూర్చోండి. సారు అన్నీ సెట్ చేసే వెళ్లారు. స్కానులన్నీ బాగానే తెరుచుకుంటున్నాయి" అన్నాడు. ఫోను చూపించాను. చదవగానే గదిలోకి పరిగెత్తాడు, మేమూ వెనకే. పచ్చలైట్ల మధ్య రెండు పసుపువి.

"బొమ్మలు వస్తున్నాయి కదాని ఈ గది తలుపు ఎవరమూ తీయలేదక్కా" అన్నాడు. స్క్రీను మీద ఏదో వెతికి ఆగిపోయాడు. "మెయిళ్లు పంపే చోట ఒక్క అడ్రసే ఉంది. సారుది."

నాకు తెలుసు. నలుగురికీ పంపితే పక్కవాడు చూస్తాడులే అని నలుగురూ వదిలేస్తారు, అందుకే నాకొక్కడికే పెట్టుకున్నాను అని ఆయనే ఒకసారి గొప్పగా చెప్పారు. అప్పుడు నేనూ సరే అన్నాను.

"టేపుల మీద ఇంకో కాపీ ఉంటుందనేవాడుగా అన్నయ్య?" అంది మా ఆడపడుచు.

అతను చూసి తల పట్టుకున్నాడు. టేపు నిండిపోయి కాపీ ఆగిపోయి నలభై రోజులైంది. ఆ కబురూ ఆయనకే వెళ్లింది. పాతవి టేపుల్లో భద్రం. ఈ నలభై రోజుల్లో తీసినవి మాత్రం ఈ పెట్టెలో తప్ప ఎక్కడా లేవు. రేపోమాపో కత్తి కిందికి వెళ్లేవాళ్ల స్కానులన్నీ అవే.

"ఇంకా చూస్తారేంటి? కొత్త డిస్కు పెట్టెయ్యండి!" అంది తను.

"పెడితే మిగతావి ఉన్నదంతా మొదట్నుంచీ చివరిదాకా చదవాలండీ. ఆ మూడోది అంత బరువు మొయ్యలేదు. ముందు ఆ నలభై రోజులవి బయటికి లాగేస్తాను."

వరండాలో బల్ల మీద కూర్చున్నాం. పదకొండున్నర నుంచి ఐదింటిదాకా అక్కడే. ఐదుకి అతనొచ్చి, "వచ్చేశాయక్కా, అన్నీ సరిచూశాను" అని కొత్త డిస్కు తీసుకుని లోపలికెళ్లాడు. కాసేపటికి ఒట్టి చేతుల్తో తిరిగొచ్చి గోడకి ఆనుకున్నాడు.

"మూడోది పోయింది. పెట్టె మొత్తం ఆగిపోయింది. స్కానులు బయటికొచ్చిన పదకొండు నిమిషాలకేనక్కా. పదకొండు నిమిషాల తేడా."

పాతవి టేపుల నుంచి మళ్లీ ఎక్కించడానికి వారం పడుతుందట. పడితే పడనీ. ఏదీ పోలేదు. ఇకనుంచి మెయిళ్లు ముగ్గురికి పెడుతున్నానని, ఎవరు చూశారో రోజూ సంతకం చేయిస్తానని చెప్పి వెళ్లాడు.

మా ఆడపడుచు ఇంకా తేరుకోలేదు. "ఇంత జాగ్రత్త మనిషి, ఇలా ఎలా చేశాడొదినా? ఇంకొక్కరికైనా వెళ్లేలా పెట్టుకోవద్దూ?"

అప్పుడు చెప్పాను, అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట. ఆయన్ని తీసుకొచ్చిన రోజు ఇదే వరండాలో డాక్టరుగారు నన్నడిగారు, పది రోజులుగా ఛాతీలో నొప్పి ఉండే ఉంటుందమ్మా, మీతో అనలేదా అని.

తను నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నీక్కూడా చెప్పలేదా?"

"ఎవరికీ చెప్పలేదు" అన్నాను. పోయినప్పట్నుంచీ మొదటిసారి ఆయన మీద కోపం వచ్చింది. కోపంతోనే గట్టిగా ఏడ్చాను.