అద్దంలో కనబడని మనిషి

పదకొండేళ్లు చెత్త లారీ వెనక నిలబడి డబ్బాలు ఎత్తిన ఆమె, నలభై రెండో ఏట హెవీ లైసెన్సు పరీక్షకు వెళ్లింది. రెండుసార్లు తప్పింది. "నీ మొండితనానికి మూడోసారి ఆ లారీయే దిగొస్తుందిలే" అన్నాడు భర్త. అలాగే దిగొచ్చింది.

డ్రైవరుగా మూడో రోజు ఇరుకు సందులో లారీని వెనక్కి పోనిస్తోంది. వెనక డబ్బాల దగ్గర, ఇన్నాళ్లూ తనతో కలిసి పనిచేసిన పెద్దాయన ఉన్నాడు. అందరూ బాబాయి అంటారు. కుడి అద్దంలో ఆయన చొక్కా ఉన్నట్టుండి మాయమైంది. అద్దంలో కనబడని మనిషి ఎక్కడుంటాడో ఆమెకు తెలుసు. తనూ అక్కడ నిలబడిందే కదా! గబుక్కున బ్రేకు తొక్కి, కిందికి దూకింది.

బాబాయి తడి నేల మీద జారి, వెనక చక్రానికి జానెడు దూరంలో పడి ఉన్నాడు.

"ఆపావా తల్లీ!" అన్నాడు, లేవబోతూ.

"నువ్వు కనబడకుండా బండి ఎలా కదులుతుంది బాబాయ్?" అంటూ చెయ్యిచ్చి లేపింది.

సంగతి విని సూపర్‌వైజరు ముందు ఆలస్యమైందని సణిగాడు. తర్వాత ఏమనుకున్నాడో ఏమో, ఇకమీదట ప్రతి డ్రైవరూ ఒక రోజు లారీ వెనక డబ్బాలు ఎత్తాల్సిందే అన్నాడు. వాళ్లకు పని చూపించే బాధ్యత ఆమెకే అప్పగించాడు.