నొప్పి లేకున్నా వేసుకునే గోలీ

మా మేనత్తకు ఊపిరి ఆడకుండా పోయిన రోజు నాకు భయం వేయలేదు. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. అందరూ నాది ధైర్యం అనుకున్నారు. నేను కాదనలేదు.

అప్పుడు గద్వాలలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. తలనొప్పి పదో తరగతి నుంచే ఉంది. ముందు కళ్ల ఎదుట వెలుగు వంకర్లు తిరిగేది. తర్వాత ఎడమ కన్ను వెనక పోటు మొదలై చెవి మీదుగా మెడలోకి దిగేది. ఆ పైన వాంతులు, తలుపు మూసిన గది, తలకు బిగించి కట్టిన తువ్వాల. అమ్మ చేయించని వైద్యం లేదు. పొద్దు పొడవకముందే పాలలో జిలేబీ నానబెట్టి తినిపించింది. ముక్కులో ఆకు పసరు పిండించింది. కిరాణా కొట్టులో విడిగా అమ్మే నొప్పి గోలీలు ఎన్ని మింగానో లెక్కలేదు. చివరికి అవి వేసుకోకపోతేనే తల నొచ్చేది.

చివరికి నాన్న వనపర్తిలో ఒక పెద్ద డాక్టరు గురించి విని, అమ్మనూ నన్నూ బస్సెక్కించాడు. ఆయన నన్ను అడిగినవాటికి అమ్మే జవాబులు చెప్పింది.

"దమ్ము ఉందా? ఆయాసం వస్తదా? చిన్నప్పుడన్నా వచ్చిందా?"

"మా పిల్లకు గట్లాంటియి ఏం లేవు సారూ. నోరు తెరిచి మాట్లాడమంటేనే ఆయాసం."

డాక్టరు నవ్వి రెండు రకాల గోలీలు రాశాడు. ఒకటి నొప్పి మొదలుకాగానే వేసుకోవాలి. రెండోది చిన్న తెల్ల గోలీ. అది నొప్పి రాకుండా ఆపేది, నొప్పి ఉన్నా లేకున్నా రోజూ వేసుకోవాలి, నాకు నేనుగా మానేయకూడదు అన్నాడు. తలనొప్పికి మందు రాస్తూ దమ్ము, అదే ఉబ్బసం, సంగతి ఎందుకు అడిగాడో నాకు అర్థం కాలేదు.

"నొప్పి లేనినాడు గోలీ ఎందుకే?" అంది అమ్మ తిరుగు బస్సులో. "ఆకలి గాకముందే బువ్వ తిన్నట్టు."

అయినా పొద్దున, రాత్రి తనే గుర్తుపెట్టుకుని చేతిలో పెట్టేది. కొన్ని వారాలకు నొప్పి రావడం తగ్గింది. దానితో పాటు ఇంకొకటి కూడా తగ్గింది. అంతకుముందు క్లాసులో హాజరు పిలుస్తుంటే నా పేరు దగ్గరపడేకొద్దీ గుండె గొంతులో కొట్టుకునేది. ఎవరైనా లేచి చదవమంటే పుస్తకం పట్టుకున్న చేతులు వణికేవి. ఇప్పుడు వణకడం లేదు. గుండె తన మానాన తను నిదానంగా కొట్టుకునేది. చేతులు మాత్రం ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేవి. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న నవలల్లో ఇంతకుముందు ఏడ్చిన చోట్లు మళ్లీ తీసి చదివాను. కళ్లు తడవలేదు. అది గోలీ వల్లనో కాదో తెలియదు. బాధగా కూడా అనిపించలేదు.

ఆ ఎండాకాలం అత్త అయిజ నుంచి మిరపకాయల మూటతో వచ్చింది. నాన్నకు అక్క. ఏటా కారం పట్టించే పనికి తను లేకపోతే మా ఇంట్లో కూర ఎర్రబడదని ఆమె నమ్మకం. చాలా ఏళ్లుగా దమ్ము ఉంది. ముక్కుకు, నోటికి కొంగు చుట్టుకుని తొడిమలు తీయడానికి కూర్చుంది.

"ఏం కోడలా, ఈ యేడన్న నోరు తెరిచినవా, లేక వచ్చే యేడా?" అంది కొంగులోంచి.

నేను నవ్వి కాలేజీలో పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి పోయాను. మధ్యాహ్నం వచ్చేసరికి అత్త మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. భుజాలు పైకీ కిందికీ ఎగురుతున్నాయి. ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. అమ్మ వీపు రాస్తోంది.

"మిరపకాయల ఘాటే. వద్దంటే ఇన్నదా?" అంది అమ్మ. "ఆమె దమ్ము గోలీ ఏసిన. రోజు తగ్గేది, ఇయ్యాల తగ్గుతలేదు."

"ఇంకేమన్న ఏసినవా అమ్మా?"

"తల పగులుతుందన్నది. నీ తెల్ల గోలీలు రెండిచ్చిన. అయి తలనొప్పియే కదా."

వనపర్తి డాక్టరు దమ్ము ఉందా అని ఎందుకు అడిగాడో అప్పుడు తెలిసింది. ఆ గోలీ దమ్మున్నవాళ్లకు పడదు. తెలిసినా లోపల ఏమీ కదలలేదు. చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని చూసుకున్నాను కూడా. గుండె నిద్రపోతున్నవాళ్ల గుండెలా కొట్టుకుంటోంది. అత్త పెదాలు నల్లబడుతున్నాయి. చచ్చిపోతుందేమో అనుకున్నాను, ఇవాళ కూర అరటికాయా, బీరకాయా అనుకున్నట్టు. ఆ గోలీల పత్తా, మిగిలిన గోలీలున్న అట్ట, చేతిలో పట్టుకుని రోడ్డు మీదికి పోయి ఆటో ఆపాను.

ఆటోలో అత్త నా చెయ్యి పట్టుకుంది. అమ్మ అవతలి పక్కన కూర్చుని "వదినె, వదినె" అని అదే మాట అంటూ ఏడుస్తోంది. దవాఖానలో జనం మధ్యలోంచి పోయి, కుర్చీలో ఉన్న డాక్టరు ముందు పత్తా పెట్టి చెప్పాను. ఈమెకు దమ్ము ఉంది, ఇవి రెండు మింగింది, రోజూ వేసుకునే దమ్ము గోలీ పనిచేయలేదు. నా గొంతు నాకే వేరేవాళ్లదిలా వినపడింది. ఆయన పత్తా తిప్పి చూసి వెంటనే లేచాడు. ఆక్సిజన్ పెట్టారు, సూదులిచ్చారు, మూతికి పొగలాంటి మందు పట్టారు.

పొద్దుగూకేసరికి ఈల తగ్గింది. నాన్న మార్కెట్ యార్డులో పని వదిలి చెమటతో పరుగెత్తుకుని వచ్చాడు.

"గోలీ పేరు తెలవకపోతే ఇంకా ఆలస్యమైతుండె," అన్నాడు డాక్టరు నాన్నతో. "ఈమెకు మాత్రం ఇది మళ్ల ఎన్నడు ఇయ్యొద్దు. పిల్ల ఏసుకోవచ్చు, ఆమెకేం కాదు."

నాన్న నా వైపు తిరిగాడు. "నా బిడ్డకు నోట్ల నాలుకే లేదనుకున్న," అన్నాడు, వార్డులో ఉన్న అందరికీ వినపడేటట్టు. పక్కింటివాళ్లు వచ్చి గింత ధైర్యం ఏడికెళ్లి వచ్చిందే అని అడిగారు. ఆ రోజు డైరీలో ఇంతే రాశాను: అత్త బాగుంది. కారం ఇంకా పట్టించలేదు.

అత్త ఇంటికి వచ్చాక కూడా అమ్మ మామూలు కాలేదు. తన చేత్తో ఇచ్చిన గోలీ అని ఆమె బాధ. గోలీలు నాకు ఇవ్వడం మానేసింది. నేనే గూట్లోంచి తీసుకుని వేసుకునేదాన్ని. మింగుతుంటే వాకిట్లోంచి చూసేది. నేను చూడగానే మొహం తిప్పుకునేది. అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. ఓదార్చాలని నాకు తెలుసు. ఏం మాట అనాలో కూడా తెలుసు. దాన్ని అనడానికి లోపల ఏదో ఒకటి కదలాలి కదా. అది కదలలేదు.

అత్తను అయిజ బస్సు ఎక్కించడానికి నేనే పోయాను. కిటికీ పక్కన సీటు దొరికింది. సంచి అందిస్తే సంచితో పాటు నా చెయ్యి కూడా పట్టుకుంది.

"ఆ దినం ఆటోల గిట్లనే సల్లగుండె," అంది. "నా పానం పోతుందంటే నీ చెయ్యి సల్లగుంది. ఎవల పానం పోతుందో నాకే సమజ్ కాలే."

నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. డ్రైవరు ఎక్కాడు. ఆ గోలీ వల్లనే అత్తా అనబోయాను, ఇంజను చప్పుడులో ఆగిపోయాను. బస్సు వెనక్కి కదులుతుంటే అత్త నా చెయ్యి వదిలి, కిటికీలోంచి వంగింది.

"నిన్ను అందరు మెచ్చుకున్నరు కోడలా. మీ అమ్మ మాత్రం నువ్వు ఏడ్వలేదని భయపడ్తుంది. ఇంటికి పోయి ఆమె పక్కన జర సేపు కూసో. ఏం మాట్లాడకున్నా సరే."