మెట్లూరుకు షావుకారే ఎక్కి రావాలి

పత్తిని పురుగు తిన్న ఏడాది నా చదువు పదో తరగతితో ఆగింది. తొంభైల చివరి మాట. అమ్మ వెంట సత్తెనపల్లి పక్కన మిరప కల్లానికి తొడిమలు తీసే పనికి వెళ్ళాను. ఎండుమిరప రాశి చుట్టూ ఆడవాళ్ళం కూర్చుని తొడిమలు తుంచి, మంచికాయ ఒక పక్క, తాలు ఒక పక్క వేయాలి. ఘాటు గొంతులోకి పోకుండా ముక్కూ నోరూ కలిపి గుడ్డ కట్టుకునేవాళ్ళం. కళ్ళు తప్ప ఏమీ కనపడవు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ రోజుల్లో అది గుడ్డ కింద ఉండేది.

చదువు ఆగిందని ఏడుస్తూ కూర్చోవడం నాకు చేతకాలేదు. ఏడిస్తే కళ్ళు తుడుచుకోవాలి, ఆ చేతులతో తుడుచుకుంటే ఇంక అంతే. అందుకని మాటలతో ఒక కొండ దేశం కట్టాను. ఎర్రటి రాశి ఎదురుగానే ఉంది కదా, దాన్ని చూపిస్తూ మొదలుపెట్టాను. శిఖరం దగ్గర మెట్లూరు. అక్కడ ఒక ఇంటి కప్పే పై ఇంటికి వాకిలి. కింద వాగు పక్కన గొంగళ్ళు నేసేవాళ్ళ పేట. నడుమ ఉప్పు మోసే గాడిదలు ఆగే సంత. కొండవాళ్ళు తేనె, గొంగళ్ళు ఇచ్చి ఉప్పు, మిరపకాయలు తీసుకుంటారు.

"పైయింటావిడ కళ్ళాపి చల్లితే కిందింటోళ్ళ నెత్తిన పడదటే?" అంది నా పక్కన కూర్చునే ముసలమ్మ.

"అందుకే అక్కడ కిందింటోళ్ళని అడిగి చల్లుతారు మామ్మా" అన్నాను.

గుడ్డల కింద అందరూ నవ్వారు. మర్నాటి నుంచి ఆ దేశం నా ఒక్కదానిది కాదు. ఒకావిడ వాగు మీద వంతెన వేసింది, ఇంకొకావిడ సంతలో పకోడీల బండి పెట్టింది. అమ్మ మాత్రం మోచేత్తో పొడిచేది. "నోరు మూసుకుని పని చెయ్యవే, మేస్త్రీ ఇంటాడు."

మేస్త్రీ కుర్చీలో కూర్చుని మమ్మల్ని కాపలా కాసేవాడు. ఒకరోజు నేను కొండ సంత కట్టుబాటు చెబుతున్నాను. అక్కడ సరుకు కిందికి దిగదు, షావుకారే మెట్లెక్కి పండించినవాళ్ళ వాకిట్లోకి రావాలి. పని చేసేవాళ్ళు కుర్చీల్లో కూర్చుంటారు, చూసేవాళ్ళు నిలబడతారు. ఆ ఆఖరి మాట ఆయన చెవిన పడింది.

"ఎవత్తే అది?" అని లేచాడు. గుడ్డల వల్ల ఎవరి నోరు కదిలిందో ఆయనకు తెలియలేదు. "గుడ్డలు దించండి! ఇంకోసారి ఆ కొండ కబుర్లు ఎవరి నోట వస్తే వాళ్ళు రేపటి నుంచి కల్లంలోకి రామాకండి."

నాకు ఒళ్ళు మండింది. చదువు పోయింది, పని కూడా పోతే పోనీ, కొండను మాత్రం ఈయన చేతిలో పెట్టను అనుకుని గుడ్డ లాగేశాను. నేను నోరు తెరిచేలోగా పక్క నుంచి దగ్గు వినిపించింది. అమ్మ. గుడ్డ మెడ మీదికి దించుకుని, దగ్గుతూనే మేస్త్రీ మొహంలోకి చూసింది.

"ఆ మెట్లూరులో మొదటి ఇల్లు నాదేనండి. ఇయ్యాల మా ఇంటికి షావుకారు ఎక్కొస్తన్నాడు. మోకాళ్ళ నెప్పులంట, నిదానంగా ఎక్కమన్నా."

"పాపం, మంచినీళ్ళన్నా ఇవ్వవే" అంది ముసలమ్మ, తన గుడ్డ దించుతూ.

తరవాత అందరి గుడ్డలూ దిగాయి. అందరూ దగ్గుతున్నారు, అందరూ మాట్లాడుతున్నారు. మేస్త్రీ ఎవరిని పొమ్మంటాడు? సాయంత్రానికి లారీ నిండాలి. ఊహలే కదా అని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళను నేను ఈరోజుకీ ఒకటే అడుగుతాను. ఉత్త కబుర్లే అయితే ఆయన కుర్చీలోంచి ఎందుకు లేచాడు?

అన్నాళ్ళూ పొడుస్తూనే అమ్మ అంతా విందన్నమాట. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. తుడుచుకోలేదు.

మర్నాడు మేస్త్రీ తన పరువు నిలుపుకోవడానికి, అందరికంటే ముందు గుడ్డ లాగిన నన్ను పందిరి నీడలోంచి లేపి, రాశికి అవతల, ఎండలో ఒక్కదాన్నే కూర్చోబెట్టాడు. అంత దూరం నుంచి చెబితే ఎవరికీ వినపడదని ఆయన ధీమా. నేను గుడ్డ దించుకుని, గొంతు పెంచి, కల్లమంతటికీ వినపడేలా మొదలుపెట్టాను. "షావుకారు ఇంకా సగం మెట్లే ఎక్కాడు, ఆయాసపడతన్నాడు!"