పిట్టకు పెట్టిన సినిమా

పోయిన ఆదివారం మా పెద్దబాపు జామతోటకు పోతే కొమ్మకొమ్మకూ పాత సీడీలు వేలాడుతున్నాయి. దారం కట్టి వదిలిన ఆ బిళ్ళలు గాలికి గిర్రున తిరుగుతూ ఎండను నా ముఖం మీదకు విసురుతుంటే, మాగిన జామపండ్ల వాసనలో నిలబడి చాలాసేపు వాటినే చూశాను. ఇబ్రహీంపట్నం నుంచి కొంగరకలాన్ దాకా చేలన్నీ ప్లాట్లయి హద్దురాళ్ళు పాతుకున్నాక, మావైపు పచ్చగా మిగిలినవి ఈ కొన్ని చెట్లే. నాకేమీ అనిపించలేదు. నాకు ఏదైనా ఆలస్యంగానే అనిపిస్తుంది.

మా బాపు రాళ్ళ క్రషర్‌లో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము ఉండేది. నాకు పదేళ్ళు వచ్చేసరికి ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లో చేరి ఆయన్ను మంచాన పడేసింది. ఒకసారి పట్నం దవాఖాన నుంచి వస్తూ, మందుల సంచిలో ఫుట్‌పాత్ మీద కొన్న సీడీ ఒకటి తెచ్చాడు. అట్ట మీద కండలు తిరిగిన కుస్తీ పహిల్వాన్ ఒకడు, నడుముకు పూల గుడ్డ చుట్టుకొని, చంకలో పిల్లితో నిలబడి ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు జాతరల్లో కుస్తీ పట్టిన మనిషి కదా, ఆ కండలు చూసే కొన్నట్టున్నాడు.

ఆ పహిల్వాన్ వేరే గ్రహం నుంచి వస్తాడు. ఓడ చెడిపోయి ఒక ఇంటి కోళ్ళగూడు మీద పడితే, ఆ ఇంటి పిల్లలు అతన్ని మేనమామ అని అబద్ధం చెప్పి దాచుకుంటారు. ఓడేమో గంజు గిన్నె బోర్లించి లైట్లు పెట్టినట్టు ఉండేది. శత్రువుల రబ్బరు ముఖాలు మెడ దగ్గర లేచిపోయి కనిపించేవి. పహిల్వాన్ నోరు మూసుకున్నాక కూడా తెలుగు గొంతు మాట్లాడుతూనే ఉండేది. ఎంత దిక్కుమాలిన సినిమానో ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం, వానాకాలం కాల్చిన మక్కకంకులు కొరుక్కుంటూ, బతుకమ్మ పండుగకు అమ్మ చేసిన మలీద ముద్దలు చేతిలో పట్టుకొని, ఎండాకాలం తడిపిన గోనెపట్టా దర్వాజకు కట్టి ఆ చల్లటి చీకట్లో, అదే సినిమాను అదే పనిగా చూసేవాళ్ళం.

ఒంటిచేత్తో బస్సును ఆపిన ఆ మనిషి, కుక్కర్ కూత వేయగానే హడలిపోయి మంచం కింద దూరుతాడు. అక్కడ బాపు నవ్వేవాడు. నవ్వు దగ్గయ్యేది. దగ్గు తగ్గేదాకా నేను వీపు నిమిరితే, "జర ఎనుకకు తిప్పు బిడ్డా" అనేవాడు. అట్టలో మొదటి సీడీ ఒక్కటే ఉంది. ఓడ బాగయ్యేలోపే సినిమా ఆగిపోయేది.

"వాని ఊరికి వాడు పోతడా బాపూ?"

"పోతడు తియ్. తొవ్వ ఎరికే కద."

నేను ఏడో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం బాపు పోయాడు. ఇంటినిండా ఏడుపులు. నేను మాత్రం దర్వాజ మీద పెచ్చులూడిన రంగును చూస్తూ కూర్చున్నాను. మరునాడు పెద్దబాపు అమ్మతో అన్నాడు: "పిల్ల సదివింది సాలు. ఇద్దరు కూలికి పోతెనే ఇల్లెల్తది." అమ్మ తల వంచుకుంది. బడి అంటే నాకు ప్రాణం.

మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, పూడ్చిన చోట విస్తరిలో పెట్టి దూరంగా జరిగితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. కోడికూర, ఉడికిన గుడ్డు, కల్లు, బీడికట్ట పెట్టారు. నేను అట్టలోంచి తీసి వెనక దాచుకొచ్చిన సీడీని విస్తరి పక్కన రాయికి ఆనించాను. ఎవరో తీయబోతే నాయనమ్మ, "ఉండనియ్, గదంటె వానికి పానం" అంది.

కాకులు పైన తిరిగాయి, అరిచాయి, ఒక్కటీ దిగలేదు. ఎండ నడినెత్తికొచ్చింది. అమ్మ దండం పెట్టింది, ఇంకో గుడ్డు పెట్టారు, మళ్ళీ కల్లు పోశారు. చివరికి నాయనమ్మ పెద్దబాపు వైపు తిరిగింది.

"వాని బిడ్డ సదువు సంగతి రా. మాటియ్."

పెద్దబాపు పోయి వంగి, భుజం మీది తువ్వాల తీసి విస్తరి పక్కన పరిచాడు. "పిల్లను బడి మాన్పియ్య తమ్మీ. ఎంత సదివితె అంత సదివిపిస్త."

ఆయన ఇటు వచ్చాడో లేదో, కాకి దిగి గుడ్డు ముట్టింది. అందరూ ఘొల్లుమన్నారు. నాకు ఏడుపు రాలేదు.

ఆ మాట మీదే పెద్దబాపు నన్ను పాత మోపెడ్ మీద కాలేజీ దాకా మోశాడు. "తమ్ముడు అడిగిండు, ఇచ్చిన" అని కనబడ్డవాళ్ళకల్లా చెప్పుకున్నాడు. ఇవాళ నేను ఆఫీసులో కుర్చీ వేసుకొని కూర్చున్నానంటే ఆ కాకి పుణ్యమే అనుకుంటూ వచ్చాను.

"ఈ సీడీలెందుకు పెద్దబాపూ?" అని అడిగాను తోటలో.

"పిట్టలు రాకుంట. గా మెరుపుకు బుగులువడి దిగయ్."

ఆనాడు విస్తరి పక్కన మెరిసింది నేను పెట్టిన సీడీ. ఆయన పరిచిన తువ్వాల దాని మీద పడింది. అక్కడ నిలబడ్డవాళ్ళంతా జొన్నచేలలో మంచెలెక్కి, డబ్బాలు కొట్టి పిట్టలను తోలినవాళ్ళే, అయినా ఒక్కరికీ తట్టలేదు. ఇన్నేళ్ళు తమ్ముడి మాట అని మోసిన మనిషికి ఇది చెప్పడమెలా?

"గీ ఉపాయం ఎవలు చెప్పిన్రు?" అని మాత్రం అడిగాను.

ఆయన కాయ తెంపి తువ్వాలతో తుడిచాడు. "నీ బాపు కాడనే నేర్చిన. కాకి ముట్టినంక తువ్వాల తీసిన సూడు, గా బిళ్ళ తళుక్కుమన్నది. కాకులన్ని లేసిపోయినయ్. గప్పుడే సమజైంది."

"మరి సమజైనంక గూడ మాటెందుకు తప్పలే?"

"ఇచ్చిన కద బిడ్డా," అని కాయ నా చేతిలో పెట్టాడు.

క్రషర్ మూతపడింది. జొన్నచేలు లేవు, మంచెలు లేవు, సీడీ ప్లేయర్ పాతసామాన్ల బండెక్కింది. ఆ పహిల్వాన్ తన ఊరు చేరాడో లేదో నాకిప్పటికీ తెలియదు. ఇంటికొచ్చి పప్పుకు కుక్కర్ పెట్టాను. కూత వేసింది. మూడు కూతలకు ఆపాలి. ఆరు వచ్చేదాకా అక్కడే నిలబడి ఏడ్చాను.