ఫ్లెక్సీ మీద తెల్ల ఎలుగుబంటి

మా వంశంలో డిగ్రీ పూర్తిచేసిన మొదటి వ్యక్తిని నేనే. అందువల్ల మామయ్యను గురించి నాలుగు మాటలు రాసిపెట్టమని నాన్నగారు నన్నే అడిగారు.

మామయ్య మాకు రక్తబంధువు కారు. నాన్నగారి బాల్యమిత్రులు. పర్చూరు దగ్గరి మా ఊరి ఉన్నత పాఠశాలలో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. పదో తరగతి తరువాత నాన్నగారు మిరప చేలోకి దిగారు. మామయ్య వాతావరణ శాస్త్రం చదివి, పరిశోధక బృందంతో అంటార్కిటికాకు వెళ్ళి, ఒక శీతకాలమంతా అక్కడే గడిపి వచ్చారు. నిరుడు ఆయన కన్నుమూసినప్పుడు సంతాప సభలో అందరూ ఆయన సాహసాన్ని కొనియాడారు. నాకు మాత్రం ఆయన మన్నన గుర్తుకు వస్తూ ఉండింది.

మంచు ఖండం నుంచి తిరిగి వచ్చిన ఏడాది, ఆయనకు పాఠశాలలో సన్మానం చేయాలన్న ఆలోచన నాన్నగారిదే. అంతకుముందు నాన్నగారు ఏ వేదికా ఎక్కి ఎరుగరు. ప్రధానోపాధ్యాయుణ్ణి రెండుమూడుసార్లు కలిసి ఒప్పించారు. పర్చూరు వెళ్ళి ఫ్లెక్సీ కూడా తామే చేయించి తెచ్చారు. దానిని ఎవరికీ చూపకుండా దాచి, ఆనాటి ఉదయం నిచ్చెన వేసుకుని వేదిక వెనుక స్వయంగా కట్టారు. చుట్ట విప్పగానే బొమ్మ కనిపించింది. ఎర్ర కోటు తొడుక్కున్న మామయ్య పక్కన, ఆయనంత ఎత్తున, ఒక తెల్ల ఎలుగుబంటి నిలబడి ఉంది.

ఆ ఎలుగుబంట్లు ఉండేది ఉత్తర ధ్రువంలో. మామయ్య వెళ్ళినది దక్షిణానికి. ఈ సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. నాన్నగారు ఇస్త్రీ చొక్కాతో, ఎదురుపడిన వారినందరినీ "బొమ్మ బాగుందా?" అని అడుగుతూ తిరుగుతున్నారు. మార్చడానికి సమయం లేదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరకు మామయ్యను పక్కకు పిలిచి చెప్పాను.

"చూశానమ్మా," అన్నారు ఆయన. "మీ నాన్న చొక్కా ఇస్త్రీ చేయించుకోవడం నా పెళ్ళి తరువాత ఇదే చూడ్డం. నువ్వెళ్ళి కూర్చో."

సభ సజావుగానే సాగింది. నాన్నగారు శాలువా చేతిలోకి తీసుకుని లేచిన సమయంలో, వెనుక వరుసలోంచి ఎరువుల దుకాణం యజమాని ఫోను ఎత్తి చూపిస్తూ నిలబడ్డాడు.

"ఒరేయ్, నీ స్నేహితుడు ఏ కొసకెళ్ళాడో కనుక్కోకుండానే కట్టేశావట్రా బొమ్మ? అక్కడ అసలు ఎలుగుబంట్లే లేవంట."

పెద్దలు నవ్వారు. పిల్లలూ నవ్వారు. నాన్నగారు వెనక్కు తిరిగి బొమ్మను చూశారు, తరువాత మిత్రుని ముఖం చూశారు. శాలువా ఒక అంచు నేల మీదికి జారింది. ఆ క్షణంలో ఆయన వేదిక దిగి వెళ్ళిపోతే, ఇక జన్మలో ఏ సభకూ రారని నాకు తెలుసు.

మామయ్య మైకు ముందుకు వచ్చారు. ముందుగా పిల్లలకు ఉన్నమాట చెప్పారు. ఆ దుకాణదారు చెప్పినది నిజమేనని, తెల్ల ఎలుగుబంట్లు ఉత్తరానే ఉంటాయని, పరీక్షలో అలాగే రాయమని అన్నారు. తరువాత పెద్దల వైపు తిరిగారు.

"అక్కడ వారాల తరబడి పొద్దు పొడవదు. ఎవరికి ఫోన్ చేసినా చలి ఎంత, మంచు ఎంత లోతు అనే అడిగేవాళ్ళు. వీడు మాత్రం ఏం కూర తిన్నావురా అనడిగేవాడు. మిరపకు తామరపురుగు పడిందనీ, మొదటి కోత బాగా వచ్చిందనీ నేను అడక్కుండానే చెప్పేవాడు. ఒకరోజు బానే ఉన్నానని చెప్పాను. లేవు, నీ గొంతు బాగాలేదన్నాడు. నిజమే, అప్పటికి రెండ్రోజుల నుంచి నేను ముద్ద ముట్టలేదు. నా గదిలో ఉన్నవాళ్ళకే ఆ సంగతి తెలియదు. నేను భూమికి ఏ కొసన ఉన్నానో తెలియని మనిషి పట్టుకున్నాడు."

సభలో ఎవరూ నవ్వలేదు. మామయ్య నాన్నగారి వైపు తిరిగి మెడ వంచారు.

"ఇక కప్పరా. చలేస్తోంది."

మిరప కోతల కాలం, మిట్టమధ్యాహ్నం. అప్పుడు అందరూ నవ్వారు, నాన్నగారు కూడా. జారిన అంచును దులిపి ఆయన శాలువా కప్పారు.

ఆ సాయంత్రం ఇద్దరూ మా కళ్ళంలో ఆరబోసిన కాయల పక్కన నిలబడ్డారు. నాన్నగారు ఒక కాయను చేతిలోకి తీసుకుని తొడిమ తుంచారు.

"అయితే మరి, అక్కడేం ఉంటాయిరా?" అని నాన్నగారే అడిగారు.

మామయ్య అక్కడికి వెళ్ళడం, రావడం కూడా అయిపోయాయి. ఆ చోటు ఎలా ఉంటుందని నాన్నగారు అడగడం అదే మొదటిసారి. తనకు తెలియదని ఒప్పుకోవడానికి ఆయన ఏమాత్రం సిగ్గుపడలేదు.

"పెంగ్విన్లు ఉంటాయిరా. మన మిర్చి యార్డులో వేలంపాటప్పటిలా గుంపుగా నిలబడి అన్నీ ఒకేసారి అరుస్తాయి," అంటూ మామయ్య కాయలను కాస్త పక్కకు జరిపి, కింద కూర్చుని, ఓడ ఎక్కిన రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టారు.